తా

మిడిల్స్‌బ్రోలో వాన పడదు,
కారుతుంది.
ఆ మాట నేనే కనిపెట్టాను, వచ్చిన మొదటి వారం.
అప్పట్నించి ఆగలేదు,
వానా, నేనూ.

గోడకు చెమ్మ. బాయిలర్‌కు దగ్గు.
ముప్పై ఆరో నంబరు బస్సుకు నా మీద పగ.
ఇక్కడి ఉల్లిపాయకు కన్నీళ్లు తెప్పించే పౌరుషం కూడా లేదని
ఒక సాయంత్రమంతా సణిగాను.
ఏలియా గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే,
"ఎడారిలో వాళ్లూ ఉల్లిపాయల దగ్గరే మొదలుపెట్టారు, కరుణా" అన్నాడు.
ఆయన మీద కూడా ఒక ఫిర్యాదు చేర్చుకున్నాను.

మా అవ్వ నుంచి వచ్చిన గొంతు ఇది.
ఎండ కాస్తే ఎండ అని, మబ్బు పడితే మబ్బు అని.

ప్రార్థన మానలేదు, ఆ మాట చెప్పాలి.
మోకాళ్ల మీదే ఉండేదాన్ని,
తాసిల్దారాఫీసు వరండాలో అర్జీదారులా
ఒక కాగితం మీద ఇంకో కాగితం పెడుతూ.
మెథడిస్టుల హాలు అద్దెకు తీసుకుని
ఆదివారం మధ్యాహ్నం మనవాళ్లు ఇరవై మంది కూడుకునేచోట
సాక్ష్యం చెప్పమంటే లేచి
వాతావరణం చెప్పి కూచునేదాన్ని.
కృతజ్ఞత కానుక కవరు మీద
"దేని నిమిత్తం" అని ఒక గీత ఉంటుంది.
ఐదు పౌండ్లు వేసేదాన్ని. గీత వదిలేసేదాన్ని.

కేర్‌హోములో నా వంతు తొమ్మిదో గది.
విల్ఫ్రెడ్ ఆర్మిటేజ్. ఉక్కు కొలిమి దగ్గర
ముప్పై ఏళ్లు కాలిన ముంజేతులు.
పక్షవాతం ఆయన నోట్లో మాటలన్నీ ఊడ్చుకుపోతూ
ఒక్కటి మరిచిపోయింది:
"తా."

దుప్పటి సర్దితే, తా.
టీ తాగిస్తే, తా.
మా జమ్మలమడుగులో తా అంటే తెమ్మని.
ఏం తేవాలి తాతా, ఇంకా ఏం తేవాలి?
దిండు తెచ్చాను, నీళ్లు తెచ్చాను, కళ్లద్దాలు తెచ్చాను,
తెచ్చిన ప్రతిదానికీ మళ్లీ తా.
ఇంటికొచ్చి ఏలియాతో అన్నాను:
ఎంత చేసినా తృప్తి లేని మనిషిని
దేవుడు ఏరి మరీ నాకు అప్పగించాడు.
ఏలియా ఏమీ అనలేదు.
ఆయన అనకపోవడం నాకు బాగా వినిపించింది.

మూడు వారాల తర్వాత, వంటగదిలో,
డొరీన్ నవ్వి నవ్వి గరిటె కింద పెట్టేసింది.
"అయ్యో పిల్లా, ఇక్కడ తా అంటే థ్యాంక్స్!"

ట్రేలో గంజి చల్లారింది.
తొమ్మిదో గది గుమ్మంలో నిలబడిపోయాను.
సొంత పేరు పోయింది, భార్య పేరు పోయింది,
అన్నీ పోగా మిగిలిన ఒకే ఒక్క నాణెం,
దాన్ని రోజుకు ఇరవైసార్లు నా చేతిలో పెడుతున్నాడు,
నేనేమో బాకీ అడుగుతున్నాడనుకున్నాను.

నా దగ్గర ఎన్ని మాటలు!
తెలుగులో బస్తాలు, ఇంగ్లీషులో ఒక సంచీ.

ఆ రాత్రి మోకరించాను.
అర్జీల కట్ట విప్పబోతే ముడి ఊడలేదు.
బయట వాన. బాయిలర్ ఒకసారి దగ్గి, వెచ్చబడింది.
చాలాసేపటికి
"తా" అన్నాను.
మా ఊరి తా అని విన్నాడో
ఈ ఊరి తా అని విన్నాడో,
ప్రభువుకు రెండు యాసలూ వచ్చు.

ఆదివారం కవరు మీద గీత పైన
"తొమ్మిదో గది" అని రాశాను.
లెక్క రాసే అన్న అద్దె అనుకున్నాడేమో,
రెండుసార్లు చూశాడు.

పోయిందా సణుగుడు? ఎక్కడికి పోతుంది,
రక్తంలో ఉన్నది.
నిన్న ముప్పై ఆరో నంబరు పావుగంట రాలేదు,
బూట్లలో నీళ్లు, నోట్లో మా అవ్వ.
మొత్తానికి వచ్చింది. ఎక్కాను. తీసుకొచ్చింది.
దిగుతూ డ్రైవరుతో "తా" అన్నాను.
తల కూడా తిప్పలేదు.

పరవాలేదు.
మూడు వారాలు పట్టొచ్చు.